పది గంటలకు ముందు

కీసర చుట్టూ వెంచర్లు పడ్డకొద్దీ మనుషులు వచ్చారు, మనుషులు వచ్చినకొద్దీ మందిరాలు లేచాయి. చర్లపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు, తుర్కపల్లి వైపు మందుల కంపెనీలకు పోయేవాళ్లు, మేస్త్రీ పనులకు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, పిల్లల చదువుల కోసం గుంటూరు నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చి నాగారంలోనో రాంపల్లిలోనో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఆదివారం ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. కొన్ని సంఘాలకు పక్కా కట్టడం ఉంది. చాలావాటికి రేకుల షెడ్డో, అద్దెకు తీసుకున్న మేడమీది హాలో దిక్కు.

ఆరాధన పదింటికి మొదలవుతుంది. ఆ వేళకు వచ్చినవాళ్లకు నేల తుడిచి ఉంటుంది. మైకు పలుకుతుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. తాగే నీళ్ల క్యాను మూలన ఉంటుంది, బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పళ్లెం ఉంటుంది. పాట ఎత్తుకున్నవాళ్లను గుర్తుపెట్టుకుంటాం, ప్రసంగం బాగుంటే ఇంటికెళ్లాక కూడా చెప్పుకుంటాం. నీళ్ల క్యాను ఎవరు మోసుకొచ్చారో మాత్రం అడగం. ఈ అధ్యాయం ఆ క్యాను మోసిన మనిషి గురించి, ఆ మనిషి పక్కన మీరు నిలబడటం గురించి.

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతాను. తెర వెనక పరిచర్యను చాలామంది కొత్త విశ్వాసులకు ఇచ్చే తొలి మెట్టుగా చూస్తారు. కొన్నాళ్లు కుర్చీలు సర్దితే తర్వాత పాటల బృందంలోకి, ఆ తర్వాత ప్రసంగ వేదిక మీదికి వెళ్లవచ్చని లెక్క. ఆ లెక్కతో నేను ఏకీభవించను. కుర్చీలు సర్దడం దానికదే పూర్తి పరిచర్య. జీవితమంతా అదే చేసి చివరికి కన్నుమూసిన విశ్వాసికి ఏ లోటూ లేదు.

ఒక పనిని దగ్గరగా చూద్దాం. బల్లారాధన ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం చాలా చిన్న సంఘాల్లో ద్రాక్షరసం ఎవరో ఒక అక్క ఇంట్లోనే తయారవుతుంది. నల్ల ద్రాక్ష తెచ్చి, పుచ్చిన పళ్లు ఏరి, తొడిమలు తీసి, రెండు మూడు నీళ్లు పోసి కడగాలి. గిన్నెలో తోలు పగిలేదాకా ఉడికించి, గరిటెతో మెదిపి, ఉతికిన పల్చటి గుడ్డలో వడకట్టి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేకపోతే పక్కింట్లో అడగాలి. తర్వాత గ్లాసులు. బొటనవేలంత ఉంటాయి, లోపలికి వేలు పోదు. వేడినీళ్లలో వేసి, ఒక్కొక్కటీ తీసి, దీపం వెలుతురులో మరక ఉందేమో చూసి, పొడిగుడ్డ మీద బోర్లించాలి. యాభైమంది సంఘమంటే యాభై గ్లాసులు. ఆరాధన ముగిశాక మళ్లీ అవే యాభై కడగాలి.

ఈ పనిలో ఒక జ్ఞానం దాగి ఉంది. గ్లాసులు నింపే మనిషికి సంఘంలో ఎంతమంది ఉన్నారో కచ్చితంగా తెలుసు. రెండు మిగిలాయంటే ఎవరు రాలేదో ఆమెకు వెంటనే తడుతుంది. నడవలేక ఇంట్లోనే ఉండిపోయిన పెద్దాయనకు ఒకటి విడిగా మూతపెట్టి ఉంచాలని ఆమెకే గుర్తుంటుంది. పాస్టర్ గారు ప్రసంగం మీద దృష్టి పెట్టి ఉన్నప్పుడు, మూడు వారాలుగా కనబడని కుటుంబం సంగతి ముందుగా గమనించేది గ్లాసులు కడిగే మనిషో, గేటు దగ్గర బండ్లు సర్దే కుర్రాడో. మౌనంగా పనిచేసేవాళ్లు సంఘానికి కళ్లు. వాళ్లు చూసింది పాస్టర్ గారి దాకా చేరే దారి ఉంటే ఆ సంఘంలో ఎవరూ తప్పిపోరు.

లేఖనాల్లో ఈ మనుషులు ఎక్కడున్నారని వెతికితే, మనం త్వరగా తిప్పేసే పేజీల్లోనే కనిపిస్తారు. మొదటి దినవృత్తాంతముల తొమ్మిదో అధ్యాయం అటువంటిదే. నిండా పేర్లు ఉండటంతో చాలామంది దాన్ని దాటేస్తారు. ఓపికగా చదివితే దేవాలయం ఎలా నడిచేదో అక్కడ తెలుస్తుంది. ద్వారపాలకులుగా ఏర్పడినవాళ్లు 212 మంది. రోజూ తెల్లవారగానే తలుపులు తెరవడం వాళ్లలో ప్రధానులైనవాళ్ల బాధ్యత కాబట్టి వాళ్లు మందిరం చుట్టూనే రాత్రి ఉండేవాళ్లు. ఉపకరణాలను లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి తెచ్చేటప్పుడు ఒకసారి లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. పిండి, నూనె, ద్రాక్షరసం చూసుకునేవాళ్లు ఉన్నారు. పెనం మీద కాల్చే రొట్టెల పని మత్తిత్యా అనే లేవీయుడికి అప్పగించారట. ఇంత రాసిన తర్వాతే ఆ అధ్యాయంలో గాయకుల ప్రస్తావన వస్తుంది. పెనం దగ్గర నిలబడిన మనిషి పేరు రాసిపెట్టాలని ఆ గ్రంథకర్తకు తోచింది. మన మందిరం రిజిస్టర్లో అలాంటి పేరు ఒక్కటైనా ఉందా?

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఇంకా ముఖ్యం. యెరూషలేము సంఘం పెరుగుతున్న రోజుల్లో ఒక ఫిర్యాదు వచ్చింది. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని. తొలి సంఘంలో మొదటి పెద్ద తగాదా అన్నం దగ్గర, భాష దగ్గర వచ్చింది. దాన్ని సర్దడానికి మంచిపేరున్న ఏడుగురిని ఎన్నుకున్నారు. వాళ్లలో స్తెఫను గురించి, ఫిలిప్పు గురించి మనకు ప్రసంగాలు తెలుసు. మిగతా ఐదుగురు? ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. వీళ్లు తర్వాత ఏంచేశారో ఆ పుస్తకం చెప్పదు. కానీ ఆ ఫిర్యాదు మాత్రం మళ్లీ ఆ పుస్తకంలో వినబడదు. ఐదుగురి పని ఎలా సాగిందో చెప్పడానికి నాకు అది చాలు. పంపకం సరిగ్గా జరిగితే దాని గురించి రాయడానికి ఏమీ ఉండదు. తెర వెనక పని బాగా జరిగిందనడానికి గుర్తు ఇదే. ఆ ఆదివారం ఏ గొడవా జరగదు, ఎవరూ ఆకలితో వెళ్లరు, కరెంటు పోయినా పాట ఆగదు.

మన దగ్గరి చరిత్రలోనూ ఇదే వరస. మేడ్చల్, తూప్రాన్ దాటి వెళ్తే వచ్చే మెదక్ చర్చిని చూడనివాళ్లు ఇటువైపు తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ కట్టడం పని పెట్టించి, పనికి వచ్చినవాళ్లకు తిండి దొరికేలా చేశాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. సుమారు 175 అడుగుల గోపురాన్నీ రంగుల అద్దాల కిటికీలనూ తలెత్తి చూస్తాం. పాస్నెట్ పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ రాళ్లు మోసిన, సున్నం కలిపిన వేలమంది కూలీల పేర్లు మాత్రం మన నోటికి రావు. కడుపు నింపుకోవడానికి వచ్చినవాళ్లు నూరేళ్లు దాటినా చెక్కుచెదరని పని చేసి వెళ్లారు.

హైదరాబాదులో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న హెబ్రోను మందిరం మరో ఉదాహరణ. సహోదరుడు భక్త్ సింగ్ (1903–2000) అక్కడి నుంచే దశాబ్దాలపాటు పరిచర్య చేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి కింద కూర్చుని తినే ప్రేమవిందు ఆయన పరిచర్యలో ఏర్పడిన సంఘాల్లో ఆరాధనకు కొనసాగింపే. ఏటా జరిగే పెద్ద సమావేశాలకు వేలమంది వచ్చేవాళ్లు, వాళ్లకు వండి వడ్డించింది విశ్వాసులే. కులం పేరు చెప్పి పక్కపక్కన కూర్చోనివ్వని కాలంలో, ఒకే బంతిలో అందరికీ ఒకే గరిటెతో అన్నం పెట్టడం ఎంత పెద్ద బోధో ఊహించండి. ఆ బోధ సగం వేదిక మీద జరిగితే సగం పొయ్యి దగ్గర జరిగింది. ఇవాళ కీసర పక్కన చిన్న మందిరంలో ఆరాధన అయ్యాక అన్నం, పప్పు, గుడ్డు పెట్టి పంపుతున్నారంటే ఆ అలవాటుకు ఇలాంటి వంటశాలలు దారి చూపాయి. ఇలాంటి సేవ క్రైస్తవుల సొత్తేమీ కాదు. శివరాత్రికి కీసరగుట్ట జాతరలో ఎండలో నిలబడి దాహానికి నీళ్లిచ్చే చేతులను చూసినా నాకు అంతే గౌరవం కలుగుతుంది.

ఇక్కడ ఒక కఠినమైన విషయం చెప్పాలి. సేవ గురించి రాసే పుస్తకాలు దీన్ని ఎక్కువగా తప్పించుకుంటాయి. మీ సంఘంలో ఊడ్చే పని ఎవరిది? ఎప్పుడూ ఒకే పేద విధవరాలిదా? బాత్రూమ్ కడిగేది ఎప్పుడూ ఒకే కుటుంబమా? కారులో వచ్చేవాళ్లు ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుని, నడిచి వచ్చేవాళ్లు ఎప్పుడూ పళ్లేలు కడుగుతున్నారా? అలాగైతే అక్కడ జరిగేది పరిచర్య కాదు, ఊళ్లోని హెచ్చుతగ్గులు మందిరంలోకి చెప్పులు విడవకుండా వచ్చేశాయి. యెరూషలేములో లేచిన ఫిర్యాదు సరిగ్గా ఈ జాతిదే. ఆనాడు అపొస్తలులు ఫిర్యాదు చేసినవాళ్లను సణుగుతున్నారని గద్దించలేదు, ఏర్పాటు మార్చారు. యేసు శిష్యుల పాదాలు కడిగిన రాత్రి ఆ గదిలో అందరికన్నా పెద్దవాడు ఆయనే. మౌన సేవ గురించి బోధించే హక్కు ముందు తువ్వాలు నడుముకు చుట్టుకున్నవాళ్లకే ఉంది.

అలాగే జీతం ఇవ్వాల్సిన పనికి సేవ అని పేరు పెట్టకండి. రోజూ వచ్చి శుభ్రం చేసే మనిషికి, రాత్రి కాపలా ఉండే మనిషికి కూలి ఇవ్వాలి. దేవుడు చూసుకుంటాడని చెప్పి వాళ్ల నెల ఖర్చు ఆపడం అన్యాయం.

సరే, మీరు మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఎలా?

ముందు మైకు దగ్గరికి వెళ్లకండి. నేను ఫలానా పరిచర్య చేస్తానని సాక్ష్యంలో ప్రకటించకండి. ఒక ఆదివారం గంట ముందుగా వెళ్లి, అక్కడ అప్పటికే పనిచేస్తున్న మనిషిని పేరు పెట్టి పలకరించండి. పేరు తెలియకపోతే అడగండి. “అక్కా, ఇందులో ఏదైనా నాకు అప్పజెప్తారా?” అనండి. ఆమె మొదట వద్దంటుంది. రెండోసారి వెళ్లి అడగండి. ఆమె ఇచ్చిన పని చిన్నదే అయినా దాన్నే పట్టుకోండి. అక్కడి పద్ధతి మీకు నచ్చకపోయినా మొదటి కొన్ని నెలలు మార్చే ప్రయత్నం చేయకండి. చాపలు అలా ఎందుకు మడుస్తారో, చెప్పులు అటే ఎందుకు విడిపిస్తారో, దాని వెనక ఏదో కారణం ఉంటుంది. వర్షం జల్లు అటునుంచి కొడుతుందేమో.

ఒక్క పనే తీసుకోండి. కోయర్ ప్రాక్టీసు, సండే స్కూలు, వంట, సౌండు అన్నీ నెత్తినేసుకున్న కుర్రాళ్లు ఏడాది తిరక్కుండా అన్నీ వదిలి వెళ్లిపోవడం చాలా సంఘాల్లో చూస్తాం. ఉద్యోగంలో రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు తెల్లవారే పని ఒప్పుకోకండి. మీకు ఎలక్ట్రికల్ పని వస్తే మందిరం వైరింగు చూడండి, రేకుల షెడ్డులో క్రిస్మస్ స్టార్లు, సీరియల్ లైట్లు వేలాడదీసే చోట తెగిన వైరు ప్రాణం తీస్తుంది. లెక్కలు వస్తే కానుకల లెక్కలో కూర్చోండి. బండి ఉంటే రాత్రి ప్రార్థనలు అయ్యాక బస్సు దొరకని ఆడవాళ్లను ఇంటికి చేర్చే ఏర్పాటు చూడండి. జవహర్‌నగర్ వైపు చీకటి దారుల్లో ఇది ఎంత అవసరమో అక్కడుండేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

కానుకల విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మౌనానికి అక్కడ చోటు లేదు. సంచిలో పడ్డ డబ్బును ఎప్పుడూ ఇద్దరు లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. అక్కడికక్కడే పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, సోమవారం బ్యాంకులో వేయాలి. సండే స్కూలు గదిలో పిల్లలతో ఎప్పుడూ ఒక్క పెద్ద మనిషే ఉండకూడదు, ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. తప్పు కనబడితే చెప్పాలి. నేను తెర వెనక మనిషిని, నాకెందుకు అనుకోవడం వినయం కాదు. ఉపకరణాలను రెండుసార్లు లెక్కపెట్టిన లేవీయులు ఎవరినీ అనుమానించి ఆ పని చేయలేదు. నమ్మకం నిలబడాలని చేశారు.

ఇక ఫోను. దానం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని కొండమీది ప్రసంగంలో యేసు హెచ్చరించాడు. మన రోజుల్లో ఆ బూర వాట్సాప్ స్టేటస్ రూపంలో జేబులోనే ఉంటోంది. చలికాలంలో దుప్పట్లు పంచేటప్పుడు తీసుకునే ముసలమ్మ ముఖం ఫొటోలో ఎందుకు? ఆమెకూ చుట్టాలున్నారు, ఆమెకూ పరువుంది. చందాలిచ్చినవాళ్లకు లెక్క చెప్పాలంటే దుప్పట్ల బిల్లు ఫొటో తీసి పంపండి.

పనిలో పాతబడ్డాక కొత్త ప్రమాదం మొదలవుతుంది. నేను లేకపోతే ఇక్కడేమీ జరగదు అనే ధీమా వస్తుంది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆంప్లిఫయర్ సెట్టింగు ఒక్కరికే తెలుస్తుంది. వేరేవాళ్లు ముట్టుకుంటే కోపం. అదీ వేదికే, కాకపోతే దానికి తెర లేదు. దీనికి మందు పెద్ద ఖర్చు లేని పని. చిన్న నోటుపుస్తకం పెట్టి అన్నీ రాయండి. మెయిన్ స్విచ్ ఎక్కడ, ట్యాంకు వాల్వు ఏది, గ్యాసు ఎవరి పేరుమీద బుక్ చేస్తారు, ఏ ముసలాయనకు ఇంటికి గ్లాసు పంపాలి, షామియానా వాళ్ల లెక్క ఎంత బాకీ. పక్కన ఇంకొకరిని పెట్టుకుని నేర్పించండి. వాళ్లు మీకన్నా బాగా చేసిన రోజు మీ మనసులో ఏం కలుగుతుందో గమనించండి. సంతోషం కలిగితే మీరు సరైన దారిలో ఉన్నారు. కలుక్కుమంటే ఒక నెల ఆ పని పూర్తిగా వాళ్లకే వదిలి, వెనక వరసలో కూర్చోండి.

ఎలాగూ కూర్చోవాలి కూడా. వంటగదిలో, గేటు దగ్గర, సౌండు బల్ల దగ్గర పనిచేసేవాళ్లు నెలల తరబడి ఒక్క ప్రసంగమూ పూర్తిగా వినరు. మార్తను యేసు వంట చేసినందుకు తప్పుపట్టలేదు, ఆ పనుల తొందరలో ఆమె మనసు నలిగిపోతుంటే చూడలేక మాట్లాడాడు. నెలకు ఒక ఆదివారం ఏ పనీ లేకుండా వచ్చి, పాడి, విని, తిని వెళ్లండి. ఇంట్లో భర్తో భార్యో మీరు ఎప్పుడూ చర్చిలోనే ఉంటారని అంటుంటే, అది విశ్వాసానికి వచ్చిన ఆటంకమని తీసిపారేయకండి. వాళ్లు చెప్పేది నిజమేమో లెక్క వేసుకోండి.

మెచ్చుకోలు రాదు. ఈ సంగతి ముందే ఒప్పుకుని దిగాలి. రోమీయులకు రాసిన పత్రికను పౌలు చెబుతుంటే చేత్తో రాసింది తెర్తియు అనే విశ్వాసి. పదహారు అధ్యాయాల్లో తన పేరుతో ఆయన రాసుకున్నది ఒక్క వాక్యం, అదీ చివర్లో, చదివేవాళ్లకు వందనాలు చెప్పడానికి. అంత గొప్ప పత్రికను ఎన్ని రాత్రులు కూర్చుని రాశాడో ఎక్కడా ఫిర్యాదు లేదు. కానీ పౌలు ఆయన వాక్యాన్ని కొట్టేయలేదన్నది కూడా గమనించాలి. ఆ అధ్యాయం నిండా పౌలు సహకారుల పేర్లు చెబుతూనే ఉన్నాడు, ఫీబే మొదలుకొని. పనిచేసేవాళ్లు పొగడ్త ఆశించకూడదు. పెద్దలు మాత్రం వాళ్లను మరవకూడదు. ఈ రెండూ ఒకేసారి నిజం.

కాబట్టి చివరి మాట పాస్టర్లకు, సంఘ పెద్దలకు. క్రిస్మస్ రోజు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడంతో మీ బాధ్యత తీరదు. వంటగదిలోకి వెళ్లి చూడండి. పొగ పోయే కిటికీ ఉందా, పెద్ద గిన్నెలు దించడానికి ఇద్దరున్నారా, కడిగేవాళ్లకు చేతితొడుగులు ఉన్నాయా, స్టార్ కట్టడానికి ఎక్కే నిచ్చెన గట్టిదేనా? లేకపోతే కొత్త స్పీకర్లకు పెట్టే డబ్బులో ముందు వీటికి తీయండి. పనిచేసేవాళ్లను నెలకోసారి కూర్చోబెట్టి, ఎవరు కనబడటం లేదో, ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉందో అడిగి రాసుకోండి. వచ్చే కమిటీ మీటింగులో వంతుల పట్టిక తయారుచేయించి గోడకు అంటించండి. ఊడ్చడం, బాత్రూమ్ కడగడం, వంట పాత్రలు తోమడం అన్నీ అందులో ఉండాలి. డాక్టరు గారి పేరు, ఇంజనీరు గారి పేరు, ట్రెజరర్ గారి పేరు అందులో ఉండాలి. మొదటి వారం బాత్రూమ్ వంతు దగ్గర మీ పేరు రాయండి.